డార్ట్‌మూర్‌లో ప్రిన్స్‌టౌన్ నుంచి నన్స్ క్రాస్, చైల్డ్ సమాధి నడక: అక్టోబరు చివర్లో వెళ్లవచ్చా?

మీరు అడిగినవి ముందుగా ఒకచోట పెడతాను, తర్వాత చదివేవారికీ పనికొస్తుంది. మీరు నలుగురు స్నేహితులు. రెడింగ్ నుంచి కారులో వచ్చి, అక్టోబరు చివరి వారంలో ఒక పగటిపూట ప్రిన్స్‌టౌన్‌లో బయలుదేరి, నన్స్ క్రాస్ అనే పాత రాతి శిలువ, చైల్డ్ అనే భూస్వామిదని చెప్పే సమాధి చూసుకుని, వైట్‌వర్క్స్ అనే పాత గని మీదుగా తిరిగి రావాలనుకుంటున్నారు. పదిహేను కిలోమీటర్ల లోపే కదా, తిరుమల మెట్లు ఎక్కినవాళ్లం, ఫోనులో మ్యాప్ ఉంది, ఇంకేమైనా కావాలా అన్నారు. ఊబి సంగతి నిజమేనా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా, రాత్రికి టెంటు వేసుకోవచ్చా అన్నవి మిగతా సందేహాలు.

వెళ్లండి. ఇంగ్లండ్ నైరుతి మూలకు వచ్చి స్థిరపడిన నాటి నుంచి ఈ బయళ్లలో నడుస్తున్నాను. కొత్తవాళ్లకు నేను చెప్పే దారుల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. అయితే మూడు షరతులు. పొగమంచు సూచన ఉన్న రోజున వద్దు. కాగితం మ్యాపు, దిక్సూచి వాడడం తెలిసినవాళ్లు మీ నలుగురిలో కనీసం ఇద్దరుండాలి. చైల్డ్ సమాధి నుంచి వైట్‌వర్క్స్‌కు అడ్డదారిలో పోకూడదు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా కింద అమ్మానాన్నల కోసం రాసిన మెరివేల్ దారి చూడండి, అదీ తీసిపోయేది కాదు.

తిరుమల అనుభవం మీ కాళ్లకు ధైర్యమిస్తుంది, అంతవరకే. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఊపిరికి పరీక్ష పెడతాయి గానీ దారి తప్పే ప్రసక్తి లేదు. ఇక్కడ ఎత్తు సమస్యే కాదు. ప్రిన్స్‌టౌన్ సుమారు 430 మీటర్ల ఎత్తులో ఉంది, మీ నడకంతా దానికి కాస్త అటూ ఇటూగానే సాగుతుంది. ఇక్కడ పరీక్ష దిక్కుకు. చెట్టు లేదు, కంచె లేదు, దుకాణం లేదు, అడిగేందుకు మనిషి లేడు. ఏ వైపు చూసినా అదే గోధుమరంగు గడ్డి, అదే వాలు. ఎండ ఉన్నంతసేపు చూపు ఎంత దూరమైనా పోతుంది. అట్లాంటిక్ మీద నుంచి మబ్బు దిగిందంటే నిమిషాల్లో పక్కనున్న మనిషి కూడా మసకబారతాడు.

మీకు నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. ఈ దారిలో మీరు చూడబోయే చారిత్రక గుర్తుల్లో చాలావరకు అందం కోసం పెట్టినవి కావు. కొన్నైతే మీలాగే ఈ బయలు దాటాల్సి వచ్చి, దారి తెలియక ప్రాణాల మీదికి తెచ్చుకున్న మనుషులు వెనక వచ్చేవాళ్ల కోసం నిలబెట్టినవి. శిలువ, సరిహద్దు రాయి, కాలువ గట్టు, రైలు కట్ట, వీటన్నిటినీ ఫోటో తీసుకునే వస్తువులుగా కాక, ఒకటి వదిలేలోగా ఇంకొకటి అందుకునే ఊతకర్రలుగా వాడుకోండి. చరిత్ర తెలిస్తే దారి తెలుస్తుంది. ఇంత పెద్ద బయలులో అలా నడవగలిగిన చోట్లు తక్కువ. ఈ నడకకు అంత గొప్పతనం అందుకే వచ్చింది.

నేల గురించి కొంచెం. డార్ట్‌మూర్ 954 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానవనం, 1951లో ప్రకటించారు. అడుగున సుమారు 28 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ ఉంది. కొండల తలల మీద బండలు పేర్చినట్టు కనిపించే గుట్టలను ఇక్కడివాళ్లు టార్ అంటారు. హైదరాబాదు చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఆ ఆకారాలు కొత్త కావు. మన గ్రానైట్ వయసులో ఎంతో పెద్దది, దాదాపు 250 కోట్ల ఏళ్లది. కానీ రెండుచోట్లా జరిగింది ఒకటే. రాతిలోని పగుళ్ల వెంట నీళ్లు దిగి, రాయిని లోలోపలే కుళ్లబెట్టి, మెత్తబడినది కొట్టుకుపోయాక గట్టి బండలు మిగిలాయి. తేడా అంతా పైపొరలో ఉంది. గ్రానైట్ నీళ్లను పీల్చదు. ప్రిన్స్‌టౌన్ ప్రాంతంలో ఏటా సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే హైదరాబాదుకు రెట్టింపు కంటే ఎక్కువ. ఆ నీళ్లలో నానిన మొక్కలు పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకుపోయి నల్లటి పీట్ మట్టి అయ్యాయి. మీరు నడిచేది రాతి మీద కాదు, ఆ తడి మట్టి మీద. మైదానంలో గంటకు ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లు ఇక్కడ దారి విడిచారంటే మూడు కూడా నడవలేరు.

ప్రిన్స్‌టౌన్ అంత చలిలో, అంత వానలో ఎందుకు పుట్టిందో తెలుసుకునే బయలుదేరండి. థామస్ టిర్‌విట్ అనే ఆయన, అప్పటి వేల్స్ యువరాజుకు ఆప్తుడు, ఈ బంజరును సాగులోకి తేవాలని ఆశపడ్డాడు. పంట పండలేదు. నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడిన ఫ్రెంచి సైనికులను ఉంచడానికి చోటు కావలసి వచ్చినప్పుడు ఇక్కడ జైలు కట్టాలని ఆయనే పట్టుబట్టాడు. 1806లో పునాది వేశారు, 1809లో ఖైదీలు వచ్చారు. తర్వాత 1812లో బ్రిటన్, అమెరికాల మధ్య మొదలైన యుద్ధంలో చిక్కిన అమెరికన్లనూ తెచ్చారు. 1815 ఏప్రిల్‌లో, యుద్ధం ముగిసినా ఇళ్లకు పంపలేదన్న అసంతృప్తి రగులుతున్న సమయంలో, కాపలా సైనికులు వాళ్ల మీద కాల్పులు జరిపి కొందరిని చంపారు. 1850 నుంచి అది నేరస్థుల జైలైంది. నేల నుంచి వచ్చే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఎక్కువగా ఉందని 2024లో అందరినీ వేరే జైళ్లకు తరలించారు. గ్రానైట్ నేలలో రాడాన్ సహజంగానే ఉంటుంది.

ఊళ్లోని సెయింట్ మైఖేల్ చర్చి కట్టింది ఆ ఫ్రెంచి, అమెరికన్ ఖైదీలే. బయలుదేరే ముందు అక్కడ కాసేపు ఆగమని మీకు నా విన్నపం. 1853 ఫిబ్రవరిలో మంచు తుపానులో ప్రిన్స్‌టౌన్‌కు నడిచి వస్తూ చనిపోయిన ముగ్గురు సైనికుల స్మారకం అక్కడ ఉంది. యువకులు, శిక్షణ పొందినవాళ్లు, వాళ్లు నడిచింది ఎవరూ ఎరగని బయలు కాదు, ఊరికి వచ్చే దారి. ఆ పేర్లు చదివి బయటికొస్తే వాతావరణ సూచన చూసే తీరు మారుతుంది.

ఇక దారి. ప్లూమ్ ఆఫ్ ఫెదర్స్ అనే పాత సత్రం పక్కనుంచి దక్షిణంగా వెడల్పాటి గుర్రపు బాట మొదలవుతుంది. రెండు పక్కలా రాతి గోడలు. గోడలు అయిపోగానే బయలు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. కిలోమీటరున్నర లోపే సౌత్ హెస్సరీ టార్. పెద్ద గుట్టేమీ కాదు గానీ తప్పక ఎక్కండి. రాతిలో దిగ్గొట్టిన ఇనుప కడ్డీ కనిపిస్తుంది, అది పాత రాచ అడవి, అంటే ఒకప్పుడు రాజుల వేటకు కేటాయించిన నేల, దాని సరిహద్దు గుర్తు. అక్కడ నిలబడి వెనక్కి తిరిగితే ఉత్తరాన నార్త్ హెస్సరీ టార్ మీద టీవీ ప్రసార స్తంభం, సుమారు 196 మీటర్లది, నిటారుగా కనబడుతుంది. ప్రిన్స్‌టౌన్ దాని కిందే ఉంది. ఆ స్తంభాన్ని రోజంతా కనిపెట్టుకుని ఉండండి. దాని తల మబ్బులోకి పోయిందంటే, మిగతాదీ పోబోతోందని లెక్క.

టార్ దాటాక బాట వెంట అక్కడక్కడా మోకాలెత్తు రాళ్లు వస్తాయి. వాటి మీద నాలుగు ఆంగ్ల అక్షరాలు, కింద 1917 అని చెక్కి ఉంటుంది. ప్లిమత్ నగర జలసరఫరా విభాగం వేసిన హద్దురాళ్లు అవి. ఆ గీతకు కుడివైపు పడిన వాన బరేటర్ జలాశయానికి పోతుంది. ప్లిమత్‌కు తాగునీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో ఆ నేలను కాపాడుకోవడానికి పెట్టిన గీత మీద మీరు నడుస్తున్నారన్నమాట. పొగమంచు పట్టినా ఈ రాళ్లూ అరిగిన బాటా కలిసి మిమ్మల్ని నన్స్ క్రాస్ దాకా చేరుస్తాయి.

నన్స్ క్రాస్ ఊరి నుంచి సుమారు నాలుగు కిలోమీటర్లు. దీని పాత పేరు సివార్డ్స్ క్రాస్. ఏడడుగుల పైచిలుకు ఎత్తున్న ఒంటి గ్రానైట్ శిలువ, చుట్టూ ఏమీ లేని చోట నిలబడి ఉంటుంది. మూడో హెన్రీ రాజు కాలంలో, 1240లో, పన్నెండు మంది నైట్లు, అంటే రాజు కొలువులోని యోధులు, డార్ట్‌మూర్ రాచ అడవి పొలిమేరలను తిరిగి రాయించినప్పుడే దీని పేరు ఆ పత్రంలో చేరింది. అంటే అప్పటికే ఇది పాత గుర్తు. తూర్పున బక్‌ఫాస్ట్, పడమరన టవిస్టాక్, బక్‌లాండ్ మఠాల మధ్య తిరిగే సన్యాసులకూ ఉన్ని మూటలు మోసే గుర్రాలకూ ఈ శిలువలే దారి చూపేవి. డార్ట్‌మూర్‌లో ఇలాంటి రాతి శిలువలు ఇంకా చాలా ఉన్నాయి, ఇంత పెద్దవి మాత్రం అరుదు.

దూరం నుంచి ఒక ఫోటో తీసుకుని వెళ్లిపోకండి. దగ్గరికి వెళ్లి చూడండి. ఒక ముఖం మీద సివార్డ్ పేరు, రెండో ముఖం మీద బక్‌లాండ్ అనే మాట చెక్కి ఉన్నాయి. ఎనిమిది వందల ఏళ్ల వానకు అక్షరాల అంచులు కరిగాయి, పొద్దు వాలుగా ఉన్నప్పుడే లోతు తెలుస్తుంది. వేలితో తడిమితే కంటికంటే బాగా అందుతాయి. గ్రానైట్‌లోని తెల్లటి గింజలు ఉబ్బెత్తుగా, గరుకుగా తగులుతాయి. వాటి మధ్య మెత్తటి భాగం అరిగిపోయింది. కాండం మధ్యలో అడ్డంగా విరిగిన గీత, దాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీలు చూడండి. 19వ శతాబ్దంలో ఎవరో పడదోస్తే విరిగింది, 1848లో అతికించి మళ్లీ నిలబెట్టారు. ఆ తుప్పు రంగు చార రాయి మీద కిందికి కారి ఉంటుంది.

అక్కడికి కూతవేటు దూరంలో నన్స్ క్రాస్ ఫార్మ్ అనే ఒంటరి ఇల్లు. కిటికీలు మూసి ఉంటాయి. ఆశ్రయం దొరుకుతుందని లెక్క వేసుకోవద్దు. దాని పక్కనే ఈ నడకలో మీకు అన్నిటికంటే పనికొచ్చే గుర్తు ఉంది, డెవన్‌పోర్ట్ లీట్. లీట్ అంటే కొండవాలు వెంట, దాదాపు ఒకే మట్టంలో తవ్విన సన్నని కాలువ. ఒక్క పెద్ద అంగలో దాటేయవచ్చు. ప్లిమత్ పక్కన నౌకాదళ రేవు పెరిగి నీళ్లకు కటకటలాడినప్పుడు, 1790ల్లో, ఉత్తరాన డార్ట్ నది ఉపనదుల నుంచి దీన్ని తవ్వుకొచ్చారు. పల్లం ఎంత కొద్దిగా ఇచ్చారంటే కొన్నిచోట్ల నీళ్లు ఎగువకు పోతున్నాయా అనిపిస్తుంది. ఆవిరి యంత్రం అక్కరలేకుండా, కేవలం మట్టం చూసే సాధనంతో చేసిన పని. ఫార్మ్ దాటగానే ఆ నీళ్లు కొండ కింద సొరంగంలోకి దూరి, అవతలి లోయలో తేలి, ఇప్పటికీ బరేటర్ జలాశయానికి చేరుతున్నాయి. ఆ గట్టు మీద నడిచేవాడు దారి తప్పడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తిరుగు ప్రయాణం మొత్తం దీని మీదే ఆధారపడుతుంది.

ఇక్కడ గడియారం చూడండి. ఉదయం తొమ్మిదికి బయలుదేరితే పదిన్నర, పదకొండుకల్లా ఇక్కడ ఉంటారు. మధ్యాహ్నం పన్నెండు దాటిందా, మబ్బు కిందికి దిగిందా, చైల్డ్ సమాధిని ఇంకో రోజుకు వదిలేయండి. నేరుగా కాలువ గట్టు పట్టుకోండి. ఆ నెలాఖరు ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. దాని తర్వాత వస్తున్నట్టయితే సాయంత్రం సుమారు ఐదింటికే పొద్దు గూకుతుంది.

నన్స్ క్రాస్ ఫార్మ్ నుంచి చైల్డ్ సమాధి తూర్పుగా రెండు కిలోమీటర్ల లోపు. ఈ ముక్కలోనే బాట సన్నగిల్లి, కొన్నిచోట్ల గొర్రెల జాడగా మారి, అసలు లేకుండా పోతుంది. సూత్రం సులువు. ఎత్తు నేల మీ కుడిచేతి వైపు, ఊబి మీ ఎడమచేతి వైపు ఉండాలి. వాలు అడుగుభాగాన నడవండి, మరీ కిందికి జారవద్దు. మధ్యలో తగరం గనివాళ్లు మధ్యయుగాల్లో తవ్విన కాలువల్లాంటి గోతులు అడ్డొస్తాయి, దిగి ఎక్కాలి.

ఆ ఎడమవైపున్నదే ఫాక్స్ టార్ మైర్, స్విన్‌కోమ్ వాగు పుట్టేచోట నీళ్లు పోవడానికి దారిలేక నిలిచిన విశాలమైన ఊబి. నిజమేనా అని అడిగారు, నిజమే. సినిమాల్లోలాగా మనిషిని తలదాకా మింగదు. మోకాలి దాకా, నడుము దాకా దిగవచ్చు, చల్లటి నీళ్లలో ఒంటరిగా ఇరుక్కుంటే ఆ చలే ప్రాణం తీస్తుంది. నేలను రంగుతో చదవడం నేర్చుకోండి. గోధుమరంగు గడ్డి దుబ్బులు నడవడానికి కష్టమేగానీ మోస్తాయి. ముదురాకుపచ్చ జమ్ములాంటి రెల్లు కనిపిస్తే పాదం తడుస్తుంది. తెల్లటి దూది పింజల గడ్డి ఉన్నచోట పీట్ నీళ్లు నిండి ఉన్నట్టు, అయితే ఆ పింజలు వేసవిలోనే బాగా తెలుస్తాయి. లేతాకుపచ్చగా, పచ్చిక పరిచినట్టు సమంగా, కళ్లకు ఇంపుగా కనిపించే నాచు మీద మాత్రం కాలు పెట్టకండి. దాని కింద నీళ్లే. ఎవరైనా దిగబడితే బ్యాగు విప్పేయాలి, వెనక్కి వాలి బరువును పరచాలి, కాళ్లు ఒక్కొక్కటిగా నెమ్మదిగా లాక్కోవాలి. మిగతావాళ్లు గట్టి దుబ్బు మీద నిలబడి కర్రో బ్యాగు పట్టీయో అందించాలి, దగ్గరికి దూకకూడదు.

చైల్డ్ సమాధి అంటే రాతి పీఠం, దాని మీద శిలువ, అడుగున రాళ్లతో చేసిన పెట్టె. కథ ఇలా చెబుతారు. ప్లిమ్‌స్టాక్‌కు చెందిన చైల్డ్ అనే భూస్వామి వేటలో తోడువాళ్లకు దూరమై మంచు తుపానులో చిక్కుకున్నాడు. వెచ్చదనం కోసం తన గుర్రాన్నే చంపి, పేగులు తీసేసి, ఆ కళేబరంలో దూరాడు. అయినా గడ్డకట్టి చనిపోయాడు. తనను పూడ్చిపెట్టిన చర్చికే తన భూములు చెందాలని రక్తంతో రాసి పెట్టాడట. టవిస్టాక్ సన్యాసులు శవాన్ని ఎత్తుకుపోతుంటే, ప్లిమ్‌స్టాక్‌వాళ్లు నది రేవు దగ్గర కాపు కాశారు. సన్యాసులు వేరేచోట హడావిడిగా వంతెన వేసుకుని దాటి ఆస్తి దక్కించుకున్నారు.

కథ ఎంతవరకు నిజమన్నది అటుంచితే, ఆ రాతి పెట్టె మాత్రం చైల్డ్ కంటే చాలా పాతది. కంచు యుగంలో శవాలనో అస్థికలనో ఉంచడానికి చేసే పెట్టెలు డార్ట్‌మూర్ అంతటా ఉన్నాయి, ఇదీ అలాంటిదే. వేల ఏళ్ల తర్వాత దానికి ఒక పేరూ ఒక శిలువా తగిలాయి. 1812లో దగ్గర్లో ఇల్లు కట్టుకుంటూ ఒక రైతు దీని రాళ్లు ఊడబెరికి వాడుకున్నాడు. ఆ ఇల్లు, ఫాక్స్ టార్ ఫార్మ్, ఇప్పుడు మొండిగోడలు. సమాధిని 19వ శతాబ్దం చివర్లో మళ్లీ కట్టారు కాబట్టి మీరు చూసే పీఠం పూర్తిగా పాతది కాదు. అది తెలిసి కూడా నాకు ఈ బయలు మొత్తంలో మనసును పట్టి ఆపే చోటు ఇదే. చలికి చచ్చిపోయిన మనిషి కథను ఊబి అంచున కూర్చుని, చేతులు కొంకర్లు పోతుంటే తలుచుకోవాలి. ఆ కథను ఎవరు, ఎవరికి, ఎందుకు చెప్పి ఉంటారో అక్కడే అర్థమవుతుంది.

అక్కడి నుంచి వాయవ్యంగా చూస్తే వైట్‌వర్క్స్ ఇళ్లు కనిపిస్తాయి, రాయి విసిరితే పడేంత దగ్గరనిపిస్తాయి. ఈ నడకలో మనిషిని మోసం చేసే క్షణం అది. మధ్యలో ఉన్నది పూర్తిగా ఊబి. ఫోనులో ఎవరో గీసి పెట్టిన గీత దాని మీదుగా పోతున్నా నమ్మవద్దు. ఎండాకాలంలో, ఏళ్ల తరబడి తెలిసినవాళ్లు దాటిన జాడ అది కావచ్చు. అక్టోబరు వానల తర్వాత ఆ జాడ ఉండదు. వచ్చిన దారినే నన్స్ క్రాస్ ఫార్మ్‌కు తిరిగి రండి, ఇప్పుడు ఊబి కుడివైపు. ఫార్మ్ దగ్గర కాలువ గట్టు ఎక్కి నీటి ప్రవాహానికి ఎదురు నడవండి. కాలువ ఊబి పై అంచునే చుట్టుకుంటూ మిమ్మల్ని వైట్‌వర్క్స్‌కు చేరుస్తుంది. గంట ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

వైట్‌వర్క్స్ 18, 19 శతాబ్దాల్లో పెద్ద తగరం గని. ఇప్పుడు నాలుగు ఇళ్లు, గోతులు, కూలిన గోడలు. నిలువు గని బావుల చుట్టూ కంచెలుంటాయి, వాటిని దాటవద్దు. ఇక్కడి నుంచి పీట్ కాట్, టిర్‌విట్ కట్టించుకున్న టార్ రాయల్ ఇల్లు మీదుగా ప్రిన్స్‌టౌన్ దాకా తారు రోడ్డే, సుమారు నాలుగు కిలోమీటర్లు. చీకటి పడినా టార్చి వెలుగులో ఇబ్బంది లేకుండా వచ్చేయవచ్చు. ఈ దారిని నేను చెప్పిన దిశలోనే, అంటే బయలు ముందు, రోడ్డు చివర నడవమనేది ఇందుకే.

వెంట తెచ్చుకోవాల్సినవి: ఆర్డినెన్స్ సర్వే వారి ఓ.ఎల్. 28 నంబరు మ్యాపు, దిక్సూచి, తలకు కట్టుకునే లైటు, విజిల్, వాన ఆపే కోటుతో పాటు వాన ఆపే ప్యాంటు. ప్యాంటు సంగతి మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు, కానీ గాలివానలో తొడలు తడిస్తే ఒళ్లంతా చల్లబడుతుంది. జీన్స్ వేసుకుని మాత్రం రావద్దు, తడిస్తే ఆరవు, వేడిని లాగేస్తాయి. చీలమండను పట్టి ఉంచే బూట్లు వేసుకోండి. ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినేది ఊబిలో కాదు, గడ్డి దుబ్బుల మధ్య కాలు మడతపడి. తిండికి పులిహోర కట్టుకురండి. చల్లగానే తినవచ్చు, నూనె, పల్లీలు ఉంటాయి, ఆకలికి ఆగుతుంది. ఫ్లాస్కులో టీ కూడా.

చలి ఎక్కుతున్నవాళ్లను కనిపెట్టడం అందరూ నేర్చుకోండి. మొదట వణుకు, తర్వాత జిప్పు పెట్టుకోలేకపోవడం, చిరాకు, మాట ముద్దముద్దగా రావడం. వణుకు ఆగిపోయి మనిషి మందకొడిగా అయితే అది తగ్గినట్టు కాదు, ముదిరినట్టు. గాలి తగలకుండా కూర్చోబెట్టి, పొడి బట్టలు వేసి, 999కు ఫోన్ చేసి పోలీసు అని అడిగి, వాళ్లకు మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. లోయల్లో సిగ్నల్ ఉండదు. ఆంగ్లంలో రిజిస్టర్ అనే మాటను 999 నంబరుకు ముందే సందేశంగా పంపి నమోదు చేసుకుంటే, మాట్లాడడానికి చాలని సిగ్నల్‌లోనూ సందేశంతో సాయం అడగవచ్చు. విజిల్ అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి.

అమ్మానాన్నల విషయానికి వస్తే, ఈ దారికి వాళ్లను తీసుకురావద్దు. వాళ్ల కోసం ప్రిన్స్‌టౌన్, టవిస్టాక్ రోడ్డు మీద ఫోర్ విండ్స్ కార్ల నిలుపుదల చోటు ఉంది. ఒకప్పుడు గని కార్మికుల పిల్లల బడి ఉన్న స్థలం అది. అక్కడి నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే మెరివేల్ రాళ్ల వరుసలు. కంచు యుగంవాళ్లు జంటలు జంటలుగా నాటిన చిన్న రాళ్లు రెండు వరుసలుగా సాగుతాయి, పొడవైనది సుమారు 260 మీటర్లు. పక్కన సుమారు మూడు మీటర్ల ఒంటి నిలువురాయి, రాళ్ల వలయం, గుడిసెల పునాదులు. వరుస మధ్యలో ఒక రాతి సమాధి పెట్టె ఉంది. దాని మూతరాయి నడుమ నుంచి నిలువుగా ఒక ముక్క చీల్చి తీసుకుపోయారు, 19వ శతాబ్దంలో గేటు స్తంభం కోసం. ఇలాంటి నిలువురాళ్లు నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున మనకూ ఉన్నాయి, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. మీ నాన్నగారికి అవి తెలిసుంటే ఇక్కడ చాలాసేపు నిలబడతారు.

మెరివేల్ దగ్గరే ఇంకో రకం రాళ్లు వెతకండి. ఒక ముఖం మీద టవిస్టాక్ మొదటి అక్షరం, రెండో ముఖం మీద ఆష్‌బర్టన్ మొదటి అక్షరం చెక్కిన స్తంభాలు. ఆ రెండు ఊళ్లూ ఒకప్పుడు తగరాన్ని తూచి పన్ను కట్టించుకునే పట్టణాలు. సుమారు 1700 ప్రాంతంలో, వాటి మధ్య మూటల గుర్రాల దారిలో మనుషులు తప్పిపోకుండా వీటిని నాటారు. పొగమంచులో ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి నడవడం పెద్దవాళ్ల చేత కూడా చేయించవచ్చు, రోడ్డు పక్కనే ఉంటుంది కాబట్టి భయం లేదు.

ఓపిక మిగిలితే అక్కడి నుంచే ఫాగింటార్ గ్రానైట్ గనికి చదునైన బాట ఉంది. గని ఇప్పుడు నీళ్లు నిండిన కొలను. బండల అంచుల్లో వరుసగా సగం గొట్టాల్లాంటి గాడులు కనిపిస్తాయి. రంధ్రాలు తొలిచి, మేకులు దిగ్గొట్టి రాయిని చీల్చిన గుర్తులు. మన వడ్డెర పనివాళ్ల చేతిపని చూసినవాళ్లకు వివరించనక్కరలేదు. ఇంకొంచెం ముందుకు పోతే పాత రైలు కట్ట. టిర్‌విట్ వేయించిన గుర్రాల ట్రామ్ దారి 1823లో మొదలైంది, దాని జాడలోనే 1883లో రైలు వచ్చింది, 1956లో ఆగిపోయింది. పట్టాలు లేవు, కట్ట మాత్రం నడకకు చక్కగా ఉంది. స్వెల్ టార్ గని పక్కన ఆ కట్ట అంచున పన్నెండు చెక్కిన రాళ్లు వరుసగా పడి ఉంటాయి. 1903 ప్రాంతంలో లండన్ బ్రిడ్జిని వెడల్పు చేసినప్పుడు పక్కలకు పెట్టడానికి చెక్కి, మిగిలిపోయినవి. ఆ వంతెనను 1968లో అమ్మేస్తే విడదీసి అమెరికాలోని ఆరిజోనాకు తీసుకుపోయి కట్టుకున్నారు. ఈ పన్నెండు రాళ్లు చెక్కినచోటే ఉండిపోయాయి.

టెంటు గురించి. ఇంగ్లండ్‌లో భూయజమాని అనుమతి లేకుండా బయట రాత్రి గడపడానికి డార్ట్‌మూర్ ఉమ్మడి బయళ్లలో మాత్రమే చట్టం హక్కు ఇస్తోంది, 1985 నాటి డార్ట్‌మూర్ కామన్స్ చట్టం కింద. 2023 జనవరిలో హైకోర్టు ఆ హక్కు లేదంది, అదే ఏడాది అప్పీలు కోర్టు ఉందంది, 2025 మేలో సుప్రీంకోర్టు హక్కును ఖాయం చేసింది. ఎంతోమంది పోరాడి నిలబెట్టుకున్న హక్కు అది, పాడు చేయకుండా వాడుకోవాలి. అన్నిచోట్లా వర్తించదు కాబట్టి జాతీయ ఉద్యానవన సంస్థ ప్రచురించే మ్యాపు చూడండి. మంట వేయకూడదు, రాళ్ల వరుసల్లో, పాత గుడిసెల పునాదుల్లో టెంటు మేకు దిగ్గొట్టకూడదు. ఉత్తర డార్ట్‌మూర్‌కు ఎప్పుడైనా వెళితే సైన్యం కాల్పుల వేళలు కూడా చూసుకోవాలి, ఎర్ర జెండా ఎగురుతుంటే లోపలికి పోకూడదు. మీ దారిలో ఆ బెడద లేదు.

అయితే తొలిసారికి, అక్టోబరు చివర్లో, టెంటు వద్దనే చెబుతాను. సాయంత్రం ఐదు నుంచి ఉదయం ఏడు దాకా చీకటి, అది చాలా పొడవైన చలిరాత్రి. మే నెలలో మళ్లీ రండి. తేదీ ఖరారయ్యాక, ముందు వారం ఎంత వాన పడిందో, మీలో దిక్సూచి వాడేది ఎవరో ఇక్కడే రాయండి. దాన్నిబట్టి చైల్డ్ సమాధి దాకా పోవాలా, నన్స్ క్రాస్ దగ్గరే తిరగాలా అన్నది చెబుతాను.